లివరుకు తగిన మందు

పార్థసారథి గారు మందు ఎంచుకుంటున్నారు. ఆయనకు వేరే పని లేదని కాదు. విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చెబుతారు, పరిశోధకులను చెయ్యి పట్టి పీహెచ్‌డీ గట్టు దాటిస్తారు, తార్నాకలో వంకాయలు పుచ్చులు చూసి మరీ ఏరుకుంటారు. కానీ ఏ పనిలో ఉన్నా ఆయన బుర్రలో ఒక మూల మందు ఎంపిక సాగుతూనే ఉంటుంది. వైస్ చాన్సలర్లు మారారు. రోడ్డు మధ్య మెట్రో స్తంభాలు లేచాయి, వాటి మీద రైలు కూడా తిరుగుతోంది. మందు మాత్రం తేలలేదు.

పాఠకులు ఇక్కడ తొందరపడకూడదు. తార్నాక తొందరపడబట్టే ఆయన పరువు ఆ గతి పట్టింది. ఇది గ్లాసులో పోసుకునే మందు కాదు. దగ్గుకు తాగేదీ కాదు, పత్తికి కొట్టేదీ కాదు. తుపాకి మందు. అందులోనూ లివర్ తుపాకికి పనికొచ్చే మందు. మత్తెక్కించేదానికీ, జబ్బు తగ్గించేదానికీ, పురుగును చంపేదానికీ, ఢామ్మని పేలేదానికీ తెలుగువాళ్ళం ఒకే మాటతో సరిపెట్టుకున్నాం. దానివల్ల ఒక నిష్ఠాపరుడైన ప్రొఫెసరు ఎంత అప్రదిష్ట పాలు కావచ్చో భాషాశాస్త్ర విభాగం ఇంతవరకూ పట్టించుకోలేదు.

తుపాకి ఆయన మేనమామది. రాజమండ్రి అవతల ఏజెన్సీలో కలప కంట్రాక్టులు చేసిన ఆ మేనమామ పిల్లల్లేక, పోతూ పోతూ కాయితాలన్నీ మార్పించి మేనల్లుడికి అంటగట్టాడు. దాని కింద ఇనుప కొంకి లాంటి లివరు ఉంటుంది. దాన్ని అటు తోసి ఇటు లాగితే ఖాళీ గుల్ల బయటికి గెంతి, కొత్త తూటా లోపలికి వస్తుంది. ఆ కాలపు తూటాలు ఇప్పుడు బజారులో దొరకవు. అనుమతులున్న ఒక రైఫిల్ క్లబ్బు వారు, "గుల్లల్లో మందు మేము నింపుతాం, మీరు కెమిస్టు కదా, ఏ మందో ఒక్క మాట చెప్పండి చాలు," అన్నారు. బండి ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయింది.

మహేశ్వరి ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి. జనగామ పక్క పల్లె. ఫెలోషిప్ గడువు తీరి, దానితో పాటే మెస్ కార్డూ తీరి, హాస్టల్లో స్నేహితురాలి గదిలో సర్దుకుంటున్న రోజుల్లో ఈ మందు ఆమె జీవితంలోకి వచ్చింది. అప్పటికి ఆమె పొద్దున చాయ్ తాగేది, మధ్యాహ్నం బన్ను తినేది, రాత్రికి ఆత్మాభిమానంతో సరిపెట్టుకునేది. నాయనమ్మ లచ్చవ్వ చిన్నప్పుడే నూరిపోసింది: "ఒకలింట్ల ఊకె తింటే నాలిక మీద వాళ్ల పేరు రాసుకుంటరు బిడ్డా." ఆ నాలుక మీద ఎవరి పేరూ పడకుండా మహేశ్వరి కాపాడుకొస్తోంది. పార్థసారథి గారి భార్య కమలాదేవి ఒకసారి పులిహోర డబ్బా పంపితే, "ఇప్పుడే తిన్న మేడం" అని ఫోన్ చేసి చెప్పి తిప్పి పంపింది. ఆ 'ఇప్పుడే' ముందు రోజు మధ్యాహ్నం సంగతి.

డబ్బా తిరిగి వెళ్ళిన మర్నాడు సార్ ల్యాబు గుమ్మంలో నిలబడ్డారు.

"మహేశ్వరీ, ఆదివారం మధ్యాహ్నం ఖాళీయేనా?"

"ఎందుకు సార్?"

"ఇంటికి రా. మందు విషయంలో నీ సలహా కావాలి. లివర్‌తో వ్యవహారం కదా, ఒక్కడి బుర్ర చాలడం లేదు."

మహేశ్వరి చేతిలోని గాజుగొట్టం మెల్లగా స్టాండులో పెట్టింది. దాన్ని పగలగొట్టకపోవడం ఆమె శిక్షణకు నిదర్శనం. సార్ వెళ్ళగానే సీనియర్ భూపాల్ దగ్గరికి ఉరికింది.

"అన్నా, సార్ తాగుతడా?"

"ఎవలు చెప్పిన్రు?"

"ఆయనే చెప్పిండు! ఆదివారం మందు కాడికి రమ్మన్నడు. లివర్ గూడ ఖరాబైనట్టున్నది."

భూపాల్ నవ్వి నవ్వి స్టూలు మీద నుంచి జారబోయి ఆగాడు. "అరె, గా మందు కాదు పిల్లా. తుపాకి మందు."

మహేశ్వరి మొహం ఇంకా పాలిపోయింది. "గట్లయితె ఇంకా భయం గదన్నా!"

"పేలేదేం లేదు, తినుడే. నేను రెండేండ్ల సంది సలహా ఇస్తున్న. జర ఆకలి మీద రా."

ఆకలి మీద రావడం ఆమెకు పెద్ద కష్టం కాలేదు.

ఆదివారం తార్నాకలో ఆ అపార్ట్‌మెంటు గేటు దగ్గర వాచ్‌మన్ రాజలింగు కుర్చీలోంచి లేవకుండానే అడిగాడు. "ఎవలింటికి బిడ్డా?"

"పార్థసారథి సార్ ఇంటికి తాతా."

"ఓ, మందు పార్టీనా? మూడో అంతస్తు. జర తక్కువ పోపియ్యుండ్రి. సార్ లివర్ మంచిగ లేదంట, రోజూ ఫోన్ల గదే మాట."

పైన బల్ల మీద ముద్దపప్పు, గుత్తివంకాయ, ముక్కల పులుసు పొగలు కక్కుతున్నాయి. మహేశ్వరి భూపాల్ పక్కన కుర్చీ అంచున కూర్చుని, వచ్చిన పని మొదలుపెడదామనుకుంది. "సార్, మందు గురించి..."

"ఆగు!" పార్థసారథి గారు గరిటె అడ్డం పెట్టారు. "ఈ ఇంట్లో ఒకటే నియమం. ఖాళీ కడుపున మందు మాట ఎత్తకూడదు. ఆకలి మీద ఉన్నవాడు గబుక్కున అంటుకునే మందునే ఎంచుకుంటాడు. అది శాస్త్రం. ముందు పప్పు."

శాస్త్రమన్నాక పరిశోధకురాలు కాదనలేదు. మహేశ్వరి తింది. సలహా ఇవ్వడానికి వచ్చిన మనిషి తింటే అది ఊరికే తినడం కాదు, పనిలో భాగం. లచ్చవ్వ న్యాయస్థానంలో కూడా ఈ వాదన నిలబడుతుంది.

భోజనాలయ్యాక అసలు కచేరీ మొదలైంది. సార్ వంటింట్లోంచి పోపుల పెట్టె, సేమ్యా పొట్లం, అటుకుల డబ్బా తెచ్చి బల్ల మీద పరిచారు.

"చూడమ్మా, మందు గింజలు మూడు రకాలు. ఇవి ఆవాలు. కొలతలోంచి జలజలా జారతాయి. ఇది సేమ్యా. మంచిదే, కానీ గరాటులో అడ్డం పడి మొరాయిస్తుంది. ఇవి అటుకులు. గభాల్న మండి ఊరుకుంటాయి, పిస్తోలుకు తప్ప పనికిరావు. ఇప్పుడు చెప్పు, మన లివరుకు ఏది?"

"ఆవాలు సార్."

"ఆవాల్లో కూడా తొందరగా కాలేవి, నిదానంగా కాలేవి ఉంటాయి మరి!"

వంటింట్లోంచి కమలాదేవి కేకేసింది. "ఆ ఆవాలు కింద పోస్తే సాయంత్రం చారులోకి మీ తుపాకి మందే వేస్తాను!"

పార్థసారథి గారు వినిపించుకునే స్థితిలో లేరు. చిన్న గ్లాసులో సగానికి ఉప్మా రవ్వ పోశారు. "ఇది గుల్ల. ఇందులో మందు సగానికే వచ్చిందనుకో. నింపేవాడు పరధ్యానంలో ఇలా రెండోసారీ పోశాడు. తెలిసిందా?"

"తెల్వలే సార్, అంతా లోపల్నే పట్టింది."

"పట్టింది. పేల్చినప్పుడు తెలుస్తుంది, మొహం ఉంటే. అదే నిండుగా పట్టే మందు తీసుకో." ఆయన గ్లాసు అంచు దాకా రవ్వ నింపి, మళ్ళీ పోశారు. రవ్వ బల్ల మీదికి, బల్ల మీంచి భూపాల్ ఒళ్ళోకి పొర్లింది. "అదీ! పొరపాటు చేస్తే పొర్లి కనబడాలి. లోపల దాక్కోకూడదు. మందైనా, మనిషైనా, నీ థీసిస్‌లో మూడో అధ్యాయమైనా."

మూడో అధ్యాయం మాట విని మహేశ్వరి ఉలిక్కిపడింది. నెలల తరబడి ఫలితాలు ఎందుకు కుదరడం లేదో ఆ రవ్వలో కనిపించింది. ఆమె ప్రయోగంలో పొరపాటు దాక్కోవడానికి చోటు ఎక్కువగా ఉంది. సోమవారం దాన్ని మొత్తం మార్చి పెట్టింది. తప్పులు పొర్లుకుంటూ బయటపడ్డాయి, ఆ తర్వాత ఒప్పులు వచ్చాయి.

ఆదివారాలు అలా సాగాయి. సార్ లోకాన్నంతా మండే వేగాన్ని బట్టి కొలిచేవారు. భూపాల్ అటుకులు. రిజిస్ట్రార్ ఆఫీసు ఇంతవరకూ శాస్త్రానికి తెలిసిన మందులన్నింటికన్నా నిదానం, అంటుకుందో లేదో కూడా చెప్పలేం. "ఇంక ఎప్పుడైతది నీ పీహెచ్‌డీ?" అని చుట్టాలు అడిగారని మహేశ్వరి ఒకసారి కళ్ళు తుడుచుకుంటే, ఆయన తల కూడా ఎత్తకుండా పెరుగు వడ్డిస్తూ అన్నారు. "నువ్వు నిదానం మందువమ్మా. మొదట్లో చప్పుడు ఉండదు. గొట్టం చివరి దాకా తోస్తూనే ఉంటావు. అటుకుల మాట పట్టించుకోకు."

"నన్నెందుకు అంటరు సార్ మధ్యల?" అన్నాడు భూపాల్.

ఇద్దరికీ మాటా మాటా పెరిగితే ఆయన దగ్గర దానికీ సామెత ఉంది. లివర్ తుపాకిలో తూటాలు కింది గొట్టంలో రేషన్ షాపు క్యూలా ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. వెనకవాడి ముక్కు ముందువాడి వీపుకు ఆనుతుంది. ముక్కు మొనదేలి ఉంటే ముందువాడు పేలిపోతాడు. "అందుకని మొద్దు ముక్కులే వాడతారు. నా ఇంట్లో కూడా మొద్దు ముక్కులతోనే మాట్లాడాలి."

ఈలోగా కింద పరువు సంగతి ముదిరింది. ప్రతి ఆదివారం కుర్రకారు మందు కోసం పైకెళ్ళి, తూలుతూ దిగుతున్నారని అపార్ట్‌మెంటు సంఘం సెక్రటరీ శ్రీనివాసరావు గారికి కబురందింది. తూలడం నిజమే. కమలాదేవి వడ్డన తర్వాత నిటారుగా దిగినవాళ్ళు లేరు. ఆయన తలుపు కొట్టారు.

"చూడండి మాస్టారూ, ఇక్కడ ఫ్యామిలీలున్నాయి. మందు అదీ అంటే..."

"మీరూ వచ్చారా! రండి, కూర్చోండి. మీ సలహా కూడా కావాలి. ఖాళీ కడుపున వద్దు. కమలా, ఇంకో కంచం!"

గంట తర్వాత శ్రీనివాసరావు గారు సేమ్యా వైపు గట్టిగా వాదించి, మెట్ల మీద తూలుతూ దిగారు. సంఘంలో ఆ ఫిర్యాదు మళ్ళీ చర్చకు రాలేదు.

ఇంట్లో పనికి వచ్చే సమ్మక్క మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. ఒకరోజు కమలాదేవి చేతిలో చిన్న పొట్లం పెట్టింది. "అమ్మా, మా ఆయనకు గిదే చారుల కలిపిచ్చిన. మందు ఇడిసిపెట్టిండు. సార్‌కు గూడ ఎయ్యుండ్రి, లివర్ బాగైతది."

"ఏమిటే ఇది?"

"మందు మాన్పే మందు."

ఆ రోజు పార్థసారథి గారు నవ్వలేదు. పొట్లం విప్పి, వాసన చూసి, గింజను వేళ్ళ మధ్య నలిపి, "ఇది కూడా అటుకుల రకమే," అని తేల్చారు.

చివరికి మహేశ్వరి థీసిస్ ఒప్పజెప్పింది. వైవా అయింది, నాచారంలో ఒక కంపెనీ ల్యాబులో ఉద్యోగమూ వచ్చింది. చేరేలోపు సార్‌కు ఏదైనా చెయ్యాలనుకుంది. గురుపూజోత్సవం నాడు కప్పే శాలువాల మీద ఆమెకు నమ్మకం లేదు. అవి బీరువాలో ఒకదాని మీద ఒకటి కూర్చుని ఎవరికీ చలి తీర్చవు. గురువు దైవంతో సమానమని వేదికల మీద అంటారు. దైవం ఎవరికైనా రెండోసారి పప్పు వడ్డించిన దాఖలా ఆమెకు కనబడలేదు. సార్‌కు కావలసింది ఒక్కటే: మందు. ఇన్ని ఆదివారాలు అన్నం తిని, అరకొర సలహాలు ఇచ్చి తప్పించుకుంది. ఈసారి నిజంగానే తేల్చి ఇవ్వాలి.

క్లబ్బు వాళ్ళను అడిగి, వాళ్ళ దగ్గరున్న మందులన్నిటి వివరాలు తెప్పించుకుంది. కాలే వేగం, గింజ తీరు, గుల్లలో పట్టే తీరు, పాత లివరు తట్టుకోగల ఒత్తిడి, అన్నీ పోల్చింది. ఒక్కో మందూ రాలిపోగా చివరికి ఒకటి మిగిలింది. ఆవాల్లా జారుతుంది, నిదానంగా కాలుతుంది, గుల్ల నిండుగా పడుతుంది. ఇన్నేళ్ళ చిక్కు విడిపోయింది. మహేశ్వరి స్వీట్ల డబ్బా కొనుక్కుని, ఆదివారం మూడో అంతస్తుకు రెండేసి మెట్లెక్కింది.

బల్ల దగ్గర భూపాల్ పక్కన ఒక కొత్త పిల్ల కూర్చుని ఉంది. పేరు భాగ్య. మహబూబాబాద్ వైపు నుంచి వచ్చి ఈ మధ్యే పరిశోధనలో చేరింది. హాస్టల్ గది ఇంకా రాలేదు, మెస్ కార్డు అసలే లేదు. సార్ రమ్మంటే మొదటిసారి వచ్చింది. కమలాదేవి కంచం పెట్టినా చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నేను తినే వచ్చిన మేడం. ఊకె సలహా చెప్పి పోత."

ఆ మాట మహేశ్వరి సరిగా వినలేదు. సంతోషం పొంగి, ఈ ఇంటి ఏకైక నియమాన్ని గుమ్మంలోనే తుంగలో తొక్కింది.

"సార్! మందు దొరికింది!"

సార్ చేతిలో గరిటె గాల్లో ఆగింది. మహేశ్వరి నిలబడే అంతా చెప్పుకుపోయింది. భూపాల్ చప్పట్లు కొట్టాడు. కానీ పార్థసారథి గారి మొహం పరీక్షలో ఫెయిలైన పిల్లాడి మొహంలా ఉంది.

"తప్పుందా సార్?"

ఆయన కెమిస్టు. ప్రాణం పోయినా కెమిస్ట్రీ మీద అబద్ధమాడరు. పాపం, పప్పు గిన్నె వైపు చూశారు. "తప్పు... లేదమ్మా. బాగా చేశావు. చాలా బాగా చేశావు."

భాగ్య కుర్చీ వెనక్కి జరిపి లేచింది. "గట్లయితె ఇగ నా సలహాతోని పని లేదు గద సార్. నేను పోయొస్త."

"కూర్చోమ్మా, ఒక్క ముద్ద..."

"వద్దు సార్. ఇప్పుడే తిన్న."

సరిగ్గా అప్పుడే గంట మోగింది. గుమ్మంలో పోలీసు స్టేషన్ నుంచి వచ్చిన కానిస్టేబుల్ కుమార్ ఉన్నాడు. మహేశ్వరి దగ్గరగా ఉండటంతో అతను ఆమెకే చెప్పాడు. "ఎలక్షన్లు వచ్చినయ్ గద మేడం, లైసెన్సు తుపాకులన్నీ జమ చెయ్యాలె. సార్‌ది చూసుకపోదామని వచ్చిన. సార్, మీది యాడిదాడనే గద?"

"ఆ ఆ, అక్కడే, అక్కడే. నువ్వు పద కుమార్, నేను ఫోన్ చేస్తాను," అన్నారు సార్ కంగారుగా.

కానిస్టేబుల్ కదల్లేదు. అతనిదీ నిదానం మందే. "గదే మేడం, పదేండ్ల కింద ఎలక్షన్లప్పుడు ఆబిడ్స్‌ల తుపాకుల దుకాణంల జమ చేసిండు. అందరు మళ్ల తెచ్చుకున్నరు. సార్ మాత్రం గిప్పటిదాంక తెచ్చుకోనే లేదు. ఎందుకు సార్ అంటే, 'ఇంట్ల మా ఆవిడ ఉన్నది, రెండోది పట్టదు' అంటడు."

"అన్నారా ఆ మాట?" అంది కమలాదేవి వెనక నుంచి.

మహేశ్వరి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఇంట్లో తుపాకే లేదు. తను ఈ ఇంట్లో అడుగు పెట్టక ముందు నుంచీ లేదు. మరి ఇన్నేళ్ళుగా మందు దేనికి? తిరిగి వెళ్ళిన పులిహోర డబ్బా గుర్తొచ్చింది. ఆ మర్నాడే వచ్చిన పిలుపు గుర్తొచ్చింది. ఇప్పుడే తిన్న అన్నవాళ్ళందరినీ సలహా అడిగే మనిషి గరిటె పట్టుకుని ఆమె ఎదురుగా బిక్కమొహంతో నిలబడి ఉన్నాడు. మందు తేలితే ఆదివారం తేలిపోతుంది. తను తెచ్చిన గురుదక్షిణ ఆ బల్ల కాళ్ళు విరగ్గొట్టింది.

కమలాదేవి ఆమె చెవి దగ్గర మెల్లగా గొణిగింది. "నువ్వు చెప్పింది అదే మందమ్మా. వెతకడం మొదలుపెట్టిన మొదటి నెలలోనే ఆయన ఆ పేరు నాకు చెప్పారు."

భాగ్య అప్పటికే చెప్పుల దగ్గరికి చేరింది. మహేశ్వరి తను చేసిన లెక్కను ఒక్కసారి మనసులో తిరగేసింది. అందులో ఎక్కడైనా ఒక్క చిల్లు, నిఖార్సయిన చిల్లు కావాలి. ఎందుకంటే ఆమె కూడా సార్ ముందు కెమిస్ట్రీ మీద అబద్ధం చెప్పలేని మనిషి.

దొరికింది.

"సార్! నేను లెక్క కట్టింది చల్లటి దేశపోళ్ల పట్టికలు చూసి. మే నెల తార్నాక ఎండల గదే మందు గట్లనే కాలుతదా? ఎండకు ఒత్తిడి పెరగదా? పాత లివర్ ఆగుతదా?"

పార్థసారథి గారి మొహంలో మెట్రో స్టేషన్‌లో దీపాలన్నీ ఒక్కసారి వెలిగినట్టయింది. "ఎండ!" అన్నారు. "మంచి ప్రశ్న! చాలా మంచి ప్రశ్న!" గరిటె భాగ్య వైపు తిరిగింది. "అమ్మాయ్, మహబూబాబాద్ ఎండలు ఎలా ఉంటాయి?"

"మస్తుంటయ్ సార్. బండలు పలుగుతయ్."

"చూశారా! ఇక్కడ ఎండ గురించి తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. కూర్చో తల్లీ. నువ్వు లేకపోతే ఈ మందు తేలదు."

భాగ్య అనుమానంగా మహేశ్వరిని చూసింది. "నిజంగనే సలహా కావాల్నా అక్కా?"

"నిజంగనే. కానీ ఖాళీ కడుపున చెప్పొద్దు. గీ ఇంట్ల నియమం." మహేశ్వరి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, తనే పప్పు వడ్డించింది. కానిస్టేబుల్ కుమార్ ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. అతనికీ కంచం పడింది. ప్రభుత్వ సలహా కూడా అవసరమన్నారు సార్.

మహేశ్వరి నాచారంలో ఉద్యోగం చేస్తోంది. ఆదివారం మధ్యాహ్నం ఏ పనీ పెట్టుకోదు. పెరుగు గిన్నె పట్టుకుని సిటీ బస్సులో తార్నాక వస్తుంది. లచ్చవ్వ చెప్పినట్టే ఆమె నాలుక మీద ఒక పేరు పడింది. ఎవరైనా చూస్తే చూడనీ అని ఇప్పుడు గట్టిగానే మాట్లాడుతోంది.

మొన్న గేటు దగ్గర రాజలింగు కుర్చీలో కూర్చుని, పైనుంచి వచ్చిన కంచంలో వంకాయ కలుపుకుంటున్నాడు.

"ఇంక తేలలేదా బిడ్డా సార్ మందు?"

"యాడ తేలుతది తాతా! ఎండల సంగతి అయితే వానకాలం చెమ్మ సంగతి ఉన్నది."

"నన్ను గూడ అడిగిండు సలహా."

"అవునా? ఏం చెప్పినవ్?"

రాజలింగు ముద్ద నోట్లో పెట్టుకుని, నిదానంగా నమిలి మింగాడు.

"తొందరొద్దని చెప్పిన."